బొంత వెనక పచ్చ ముక్క

నా చిన్నప్పుడు మా ఊరికి వాన తప్ప మిగతావన్నీ వేళకే వచ్చేవి. పావగడ బస్సు వేళకే వచ్చేది. చుట్టాలు తిండి వేళకే వచ్చేవాళ్లు. కరెంటు పోవలసిన వేళకు కచ్చితంగా పోయేది. వాన మాత్రం, పెళ్లిలో మర్యాద తక్కువైందని అలిగిన మేనమామలా, నాగలమడిక దాకా వచ్చి, అక్కడి ఏటి ఇసుకను ఒకసారి చూసుకొని, అటునుంచి అటే వెళ్లిపోయేది. మా పెరటి బావి ఎండిపోయి ఏళ్లు దాటింది. దానివల్ల మా అమ్మకు ఒక ఇబ్బంది వచ్చిపడింది. కోపం వచ్చినప్పుడల్లా బావిలో దూకి చస్తానని బెదిరించడం ఆమెకు పెళ్లైన నాటినుంచీ అలవాటు. నీళ్లు పోయాక కూడా ఆ మాట పోలేదు. ఆమె అలా అన్నప్పుడల్లా మూలనుంచి మా అవ్వ, కాలు విరుగుతుంది, నిదానంగా దిగమని జాగ్రత్త చెప్పేది.

అవ్వ అంటే మా నాన్నను కన్నతల్లి. ఆమె బొంతలు కుట్టడంలో చుట్టుపక్కల పేరున్న మనిషి. ఊళ్లో సగం మంది చలికాలంలో ఆమె కుట్టిన బొంతల కిందే పడుకొనేవాళ్లు. అయితే నాకు పన్నెండేళ్లు వచ్చేసరికి ఆమె కళ్లకు పొర కమ్మేసింది. మనిషి వస్తే మనిషి వచ్చిందని తెలిసేది, ఎవరో తెలిసేది కాదు. సూదిలో దారం ఎక్కించడం మానేసింది. మానేసినదానికి బాధపడుతూ కూర్చోలేదు. ఆ బాధేదో మిగతావాళ్లు పడాలని నిశ్చయించుకుంది. మిగతావాళ్లంటే నేను.

ఆ ఏడు మా అక్క తొలి కాన్పుకు ఇంటికి వచ్చి మగపిల్లవాణ్ని కన్నది. అయిదో నెలలో, దసరా దాటాక, తల్లినీ బిడ్డనూ మంగళవాడకు పిలుచుకుపోవడానికి అక్క అత్త వస్తుందని కబురు అందింది. మా వైపు ఒక పద్ధతి ఉంది. బిడ్డ మొదటిసారి తండ్రి ఇంటి గడప దాటేటప్పుడు, తల్లి పుట్టింట్లో కుట్టిన బొంతలో చుట్టుకొని తీసుకుపోవాలి. బొంత లేకుండా బిడ్డను పంపితే ఎవరూ ఏమీ అనరు. అనకుండానే ముప్పై ఏళ్లు గుర్తుపెట్టుకుంటారు.

అక్క అత్త సంగతి కూడా చెప్పాలి. ఆమె ఏ వస్తువునైనా తిప్పి చూసే మనిషి. గిన్నె ఇస్తే అడుగు చూస్తుంది. చీర పెడితే అంచు వెనకవైపు చూస్తుంది. పెళ్లిచూపుల్లో మా అక్కను కూడా ఒకసారి అటు తిరగమందని మా ఇంట్లో చెప్పుకొనేవాళ్లు. అలాంటి మనిషి చేతికి ఇవ్వవలసిన బొంత కుట్టే పని, ఆ దసరా సెలవుల్లో, బొత్తాం కుట్టడం కూడా సరిగా రాని నా నెత్తిన పడింది.

నేను తప్పించుకోవాలని చూడకపోలేదు. కానీ ఇంట్లో ఇంకెవరున్నారు? కాయ పట్టక మా చేను ఎండిపోయింది కాబట్టి నాన్న కట్టడాల పనికి బెంగళూరు వెళ్లాడు. అమ్మ పొద్దున్నే లేచి, బోరు ఉన్నవాళ్ల చేలో వేరుశనగ, మా మాటలో చెనక్కాయ, చెట్లు పీకడానికి కూలికి పోయి, పొద్దుగూకాక వచ్చేది. అక్క చేతిలో పిల్లవాడు. వాణ్ని దింపితే వాడు ఏడ్చేవాడు, ఎత్తుకుంటే అక్క ఏడ్చేది. ఇక మిగిలింది కళ్లు కనపడని అవ్వ, కళ్లు తప్ప వేరే అర్హత లేని నేను.

పసిబిడ్డ బొంతకు కొత్త గుడ్డ పనికిరాదు. ఒరుసుకొని ఒళ్లంతా ఎర్రబడుతుంది. కట్టి, ఉతికి, ఎండేసి, ఏళ్లతరబడి మెత్తబడిన నూలు చీరలు కావాలి. పంట పండిన ఏళ్లలో అలాంటివి ప్రతి ఇంట్లో మూటలుగా ఉండేవి. కరువు ఏళ్లలో పాత చీరలు అనేవి ఉండవు. అవి జనం ఒంటిమీద తిరుగుతుంటాయి. అమ్మను ఒకటి ఇమ్మంటే, ఇచ్చి నేనేం కట్టుకోవాలని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. చివరికి అవ్వవి రెండు, అమ్మది ఒకటి, మొత్తానికి మూడు చీరలు తేలాయి. ఇవి పాడైతే ఇంక నాలుగోది లేదని అమ్మ నాకు చెప్పింది, తర్వాత అవ్వ చెప్పింది, తర్వాత అక్క ఏడుస్తూ చెప్పింది.

పడసాలలో నేలను తుడిచి, చీరలను మడతలు మడతలుగా పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాము. అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు రావాలి. అవ్వ పక్కన కూర్చొని ఒకసారి అరచేత్తో గుడ్డంతా నిమిరి, ఇంక కుట్టు అంది. అంతే. ఎలా కుట్టాలో చెప్పలేదు. నేను అడిగితే, సూది ఒక పక్క దిగి ఇంకో పక్క తేలితే అదే కుట్టు అని చెప్పింది. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే కొంప ముంచింది.

కాసేపటికి నడుం నొప్పి పుట్టి, రాయి పక్కకు జరిపి, బొంత అంచును ఒళ్లోకి లాక్కున్నాను. అలా సుఖంగా కుడుతూ పోయాను. మధ్యాహ్నం అక్క రాగిముద్ద తినడానికి పిలిచింది. లేచి నిలబడ్డాను. బొంత కూడా నాతోపాటు లేచి నిలబడింది. మిగిలిన మూడు రాళ్లు దొర్లాయి. మూడు చీరలనూ దాటిన సూది నాలుగో పొరగా నా పావడను కూడా పట్టుకొని, జానెడు మేర గట్టిగా కుట్టేసింది. అది ఉగాదికి కుట్టించిన పచ్చ పావడ. నాకు బయటికి కట్టుకుపోవడానికి ఉన్నది అదొక్కటే. అప్పటిదాకా నేను కుట్టిన కుట్లన్నిటిలో గట్టిగా కుదిరినవి కూడా అవే.

అక్క నన్ను చూసి చాలా రోజుల తర్వాత నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అవ్వ కుట్లు ఒక్కొక్కటే విప్పుకోమంది. విప్పడానికి పూట పడుతుంది, ముద్ద చల్లారుతోంది, అక్క నవ్వు ఆగడం లేదు. కత్తెర తీసుకొని పావడను చుట్టూ కోసేశాను. ఆ విసురులో కత్తెర మొన పావడతో ఆగకుండా అడుగున ఉన్న చీరను కూడా చీల్చింది. నా పావడకు అరచేతి మేర ఒక కిటికీ ఏర్పడింది. ఆ అరచేతి మేర పచ్చ ముక్క బొంత వెనకవైపు అతుక్కొని ఉండిపోయింది. సాయంత్రం అమ్మ ఇంటికి వచ్చి కిటికీ చూసి, బావి దగ్గరికి బయలుదేరింది. అవ్వ నిదానంగా దిగమంది.

ఆ గొడవ సద్దుమణిగాక అవ్వ బొంతను తిప్పి, వెనకవైపు తడుముతూ పోయింది. పచ్చ ముక్క దగ్గర ఆమె చెయ్యి ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. తిడుతుందని నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"ఉండనీలే," అంది. "అడుగు చీర గూడా కోసినావు. ఆ ముక్క తీస్తే బొక్క బయట పడతాది."

నేను సిద్ధం చేసుకున్న జవాబులన్నీ వృథా అయ్యాయి.

ఆ తర్వాత నేను కసిగా కుట్టాను. కసిగా కుట్టడమంటే తొందరగా కుట్టడం. ఒక్కొక్క కుట్టు బెత్తెడు. రెండు రోజులు తిరక్కుండానే బొంత అయిపోయిందని ప్రకటించాను. అవ్వ అరచేత్తో పైనుంచి కిందికి నిమిరింది. ముఖంలో ఏ మార్పూ లేదు. బాగుందా అని అడిగితే, ఈ రాత్రికి నువ్వే కప్పుకొని పడుకో అంది. అది బహుమానం అనుకున్నాను. ఆ వయసులో నాకు ఉన్న తెలివి అంతవరకే.

తెల్లవారి నిద్రలేచి రెండు అడుగులు వేశానో లేదో, కాలి బొటనవేలు ఒక కుట్టులో చిక్కుకొని, బొంతతో సహా గడప మీద బోర్లా పడ్డాను. అవ్వ దెబ్బ తగిలిందా అని అడగలేదు. ఏ వేలు అని అడిగింది. కుడికాలు బొటనవేలు అన్నాను. కాళ్ల వైపు తడిమి, వదులుగా లేచి ఉన్న ఆ కుట్టును పట్టుకుంది.

"పిల్లోని ఏలు యా మాత్రం ఉంటాదో సూసినావా?"

వెళ్లి చూశాను. వాడు పిడికిలి బిగించి నిద్రపోతున్నాడు. ఒక వేలిని విప్పి చూశాను. పట్టని కాయలో ముడుచుకుపోయిన చెనక్కాయ గింజంత ఉంది. నా కుట్టులో నాలుగు వేళ్లూ దూరి, అయిదోదానికి కూడా చోటు మిగులుతుంది. వచ్చి, కూర్చొని, విప్పడం మొదలుపెట్టాను. కుట్టడంకంటే విప్పడానికి ఎక్కువసేపు పడుతుందని అప్పుడే తెలిసింది. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు.

రెండోసారి చిన్న కుట్లు వేశాను. మళ్లీ నన్నే కప్పుకోమంది. ఈసారి వేళ్లు చిక్కలేదు. బొంతను కిందా పైనా చుట్టుకొని పడుకున్నానేమో, వీపులో పల్లేరుకాయలు గుచ్చుకున్నట్టు ఒకటే బాధ. దారం అయిపోయిన ప్రతిచోటా నేను మిరియపు గింజంత ముడి వేసి పైకే వదిలేశాను. పొద్దున అవ్వ నన్ను వెనక్కి తిప్పి, ఎక్కడెక్కడ గుచ్చుకుందో తన చేతిని పట్టుకొని చూపించమంది. నా వీపుమీద ఆమె వేలిని నేనే నడిపించాను. ఆ తర్వాత బొంత పరుచుకొని, అదే కొలతలో వేలిని నడిపించుకుంటూ, ఒక్కొక్క ముడినీ వెతికి పట్టుకుంది. ఒక్కటి కూడా తప్పలేదు. డాక్టరు రోగిని చూసినట్టు నన్ను చూసి, మందు మాత్రం బొంతకు వేసేది.

ముడులన్నీ పొరల లోపలికి తోసి మళ్లీ కుట్టాను. మళ్లీ కప్పుకోమంది. ఈసారి చలి వేసింది. విప్పి కుట్టి విప్పి కుట్టి అంచులు చిరిగితే కత్తిరిస్తూ వచ్చాను. దాంతో మడతలు తగ్గి బొంత పలచబడింది. ఎక్కడ అని అవ్వ అడిగితే, అంతటా అన్నాను. ఇంకో పొర వేయాలంది. దేంతో వేయాలో చెప్పలేదు. ఈపాటికి నాకు ఆమె మీద ఎంత విసుగు వచ్చిందంటే, అమ్మతోపాటు నేనూ బావి దగ్గరికి పోదామనుకున్నాను.

అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. అటక మీద కిందటేడు చెనక్కాయలు నింపిన గోనెపట్టలు ఉన్నాయి. ఈ ఏడు నింపడానికి కాయలు లేవు కాబట్టి అవి ఊరికే పడి ఉన్నాయి. అందులో పలచటిది ఒకటి తీసి, బాగా దులిపి, రెండు చీరల నడుమ పెట్టి కుట్టేశాను. బయటికి కనపడదు. వెచ్చగా ఉంటుంది. పైసా ఖర్చు లేదు. ఇంత తెలివైన దాన్ని ఇంట్లో ఎవరూ గుర్తించలేదని నాకు కొంచెం దిగులు కూడా కలిగింది. అవ్వ చేత్తో నొక్కి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. ఏమిటిదని అడగలేదు. కప్పుకో అంది.

ఆ రాత్రి నేను పడిన పాట్లు వివరించను. పొద్దున లేచేసరికి గోడ వారగా, గడప కిందనుంచి, ఊళ్లో ఉన్న చీమలన్నీ బారులు కట్టి మా పడసాలలోకి వస్తున్నాయి. ఎంత దులిపినా గోనె పోగుల్లో చెనక్కాయ పొట్టూ, పప్పు నలుసులూ ఉండిపోయాయి. ఆ కరువులో తిండి వాసన తగిలితే అవి మాత్రం ఏం చేస్తాయి. నా మెడా, చేతులూ దద్దుర్లు తేలాయి. అంతేకాదు, లోపలి నూనె జిడ్డు పై చీరకు ఎక్కి, బొంత నడుమ పెద్ద మరక ఏర్పడింది. అక్క అత్త మరునాడు సాయంత్రం వస్తుంది.

నేను చీమల మీద ఏదో జోకు వేశాను. పెళ్లివాళ్లు దిగారు, విడిది చూపించండి అన్నానని గుర్తు. అక్క నవ్వలేదు. ఏడవలేదు కూడా. అది నాకు కొత్తగా అనిపించి ఆమెవైపు చూశాను.

"నీకు అంతా నవ్వులాటగానే ఉండాది," అంది అక్క. "నువ్వు ఈడ్నే ఉంటావు. ఆయమ్మతో కాపరం చేయాల్సింది నేను. రేపు తిప్పి సూసి ఒక్క మాట అనిందంటే, ఆ మాట నేను పొద్దస్తమానం వినాల. వీడు పెద్దోడైనంక వీడు గూడా వినాల."

జవాబు నా నోటి దాకా వచ్చింది. నాకు ఎప్పుడూ వస్తుంది. కానీ అక్క పిల్లవాడి తల నిమురుతూ నిలబడి ఉంది, కళ్లు పొడిగా ఉన్నాయి. ఆ కళ్లను చూసి మింగేశాను. ఆరోజు దాకా ఆ బొంత నా సెలవులను తినేస్తున్న గుడ్డపోగు. అది అక్క చేతిలో పట్టుకొని ఒక ఇంటిలోకి నడవవలసిన వస్తువని ఆ నిమిషంలోనే తెలిసింది.

అమ్మ ఆరోజు కూలికి పోలేదు. పోకుండా చేయగలిగింది కూడా ఏమీ లేదు, గుడ్డ లేదు కదా. అవ్వ లేచి, గోడ పట్టుకొని మూలకు నడిచి, తను రోజూ కప్పుకొనే బొంతను ఈడ్చుకొచ్చి మా నడుమ పడేసింది. ఇది విప్పండి అంది.

అది ఎన్నో ఏళ్లుగా పొర మీద పొర వేసుకుంటూ వచ్చిన బొంత. పైచీర చిరిగితే దానిమీదే ఇంకొకటి పరిచి కుట్టేవాళ్లు. దాని బరువుకు దాన్ని ఉతికే రోజున ఇద్దరు కావలసి వచ్చేది. అమ్మ ఒప్పుకోలేదు. చలికాలం వస్తోంది, నువ్వేం కప్పుకుంటావని గట్టిగానే అడిగింది.

"బాయిలో దూకుతానంటావు కదమ్మే," అంది అవ్వ. "నీ బొంత నాకిచ్చి దూకు."

అమ్మ ఆమెవైపు కోపంగా చూడబోయి, చూడలేక, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఏడు అమ్మ నవ్వగా చూడడం అదే మొదలు.

ముగ్గురం కూర్చొని విప్పాము. ఒక్కొక్క పొర ఊడి వస్తుంటే అవ్వ తడిమి, ఇది ఎవరి చీరో చెబుతూ పోయింది. పైపొరల కుట్లు చీమల బారులా సన్నగా, దగ్గరగా ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ కుట్లు పెద్దవి కాసాగాయి. ఇంకా లోపలికి పోతే వంకర్లు తిరిగాయి. అట్టడుగున, అన్నిటి నడుమ, చిన్న బొంత ఒకటి బయటపడింది. దాని కుట్లు బెత్తెడు బెత్తెడు. దాని మీద మిరియపు గింజలంత ముడులు. దాన్ని తిప్పి చూస్తే, వెనకవైపు ఒక మూల, కళ తప్పిన ఎర్రగుడ్డ ముక్క ఒకటి జానెడు మేర గట్టిగా కుట్టి ఉంది. దాని అంచులు కత్తెరతో విసురుగా కోసినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

"ఇదేందవ్వా?" అన్నాను.

"నా పావడ."

"ఎవురు కుట్టినారు?"

"నేనే. నీ అంత ఉంటిని. లేసి నిలబడితే బొంత గూడా నాతో లేసె."

నాకు నవ్వు రావలసింది. దానికి బదులు కోపం వచ్చింది. ఇన్ని రోజులు విప్పి విప్పి నా వేళ్లు బొబ్బలెక్కాయి, పావడకు కిటికీ పడింది, ఒంటినిండా దద్దుర్లు. ఈమెకు ఇవన్నీ ముందే తెలుసు. గోనెపట్ట సంగతి కూడా తెలుసా అని అడిగితే, వాసనకే తెలిసిందంది.

"మరి ముందే చెప్పొచ్చు కదా, పావడ పక్కకు తీసుకోని కూచోమని?"

"మా అవ్వ నాకు చెప్పింది," అంది. ఆ ఎర్రముక్క ఉన్న మూలను నా చేతిలో పెట్టి, "సూసినావు కదా," అంది.

ఆ చిన్న బొంతను పక్కకు తీసిపెట్టాను.

అవ్వ బొంతలోంచి మెత్తటి పొరలు మూడు తీసుకున్నాము. అవి మీగడలా చేతికి జారేవి. జిడ్డు పట్టిన పైచీరనూ, గోనెపట్టనూ తీసేశాము. అడుగు చీర మాత్రం అదే ఉంచవలసి వచ్చింది. పచ్చ ముక్క కింద చిరుగు ఉంది కాబట్టి ముక్క కూడా ఉండిపోయింది. ఆ పగలంతా నేనూ అమ్మా చెరో వైపునుంచి కుట్టాము. అక్క పిల్లవాణ్ని ఒళ్లో వేసుకొని దారం ఎక్కించి ఇచ్చింది. అవ్వ చెయ్యి మా వెనకే నడిచింది. ఎక్కడైనా ఆగితే, ఆమె చెప్పకముందే నేను సూది వెనక్కి లాగి ఆ కుట్టు విప్పాను. కూర్చోవడానికి ముందు పావడను మోకాళ్ల కిందికి దోపుకున్నానని వేరే చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి మళ్లీ కప్పుకొని పడుకున్నాను. పొద్దున అమ్మ వచ్చి కుదిపి లేపితే గాని మెలకువ రాలేదు. అవ్వ ఎదురుగా కూర్చొని ఉంది. ఎక్కడ అని అడిగింది. నేను కాళ్లూ వీపూ మెడా అన్నీ ఒకసారి తలుచుకున్నాను.

"యాడా లేదు," అన్నాను.

ఆమె బాగుందని అనలేదు. తల ఊపి, ముద్ద పెట్టమని అమ్మకు చెప్పింది.

సాయంత్రం మంగళవాడనుంచి అక్క అత్త వచ్చింది. కాళ్లు కడుక్కొంది, నీళ్లు తాగింది, చెంబును తిప్పి అడుగు చూసింది. మనవణ్ని ఎత్తుకొని వాణ్ని కూడా తిప్పి చూసింది. అమ్మ బొంత తెచ్చి ముందు పెట్టింది. ఆమె పైన నిమిరింది, కుట్టు మీద గోరు పెట్టి లాగి చూసింది, అంచు నలిపింది. ముఖం కొంచెం మెత్తబడినట్టు అనిపించింది. ఆ తర్వాత, మేమంతా ఎదురుచూస్తున్నట్టే, బొంతను తిప్పింది. వెలిసిన తెల్ల చీర మీద పచ్చ ముక్క ఆకులా మెరిసింది.

"ఇదేంది పెద్దమ్మా?" అని అవ్వను అడిగింది. "ఈ పచ్చది?"

అక్క నేల చూసింది. అమ్మ కంటికి బావి కనపడి ఉంటుంది. నేను నా పావడ కిటికీని చేత్తో మూసుకొని, నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అవ్వకు కళ్లు కనపడవు కాని, నా తొడ ఎక్కడుందో కచ్చితంగా తెలుసు. గట్టిగా గిల్లింది.

"అది మా ఇంటి పద్ధతమ్మా," అంది అవ్వ, ఏ తొట్రుపాటూ లేకుండా. "తొలిచూలు బిడ్డ బొంతలో పిన్నమ్మ పావడ ముక్క పెట్టాల. తల్లి లేని యాళ పిన్నమ్మ ఉండాదని బిడ్డకు తెలియాల కదా."

అక్క అత్త నమ్మినట్టు లేదు. అవ్వ అప్పుడు, సగానికి సగం పలచబడిన తన బొంతను దగ్గరికి లాక్కొని, పక్కకు తీసిపెట్టిన ఆ చిన్న బొంతను తిప్పి చూపించింది. ఎర్రముక్క, జానెడు మేర, ఒక మూలగా. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. ఒక పొరపాటు ఒకసారి జరిగితే పొరపాటు. అవ్వకూ మనవరాలికీ కూడా జరిగేసరికి దానికి పెద్దరికం వచ్చేసింది.

అక్క అత్త రెండు ముక్కలనూ మార్చి మార్చి చూసింది. చివరికి, ఇంత మంచి పద్ధతి ఉందని పెళ్లిలోనే ఎందుకు చెప్పలేదని అమ్మమీద నిష్ఠూరమాడింది. అంతవరకూ పట్టిన ఊపిరి అందరం ఒకేసారి వదిలాము. ఆ కదలికకు పిల్లవాడు లేచి, బొంతను తనదిగా చేసుకొనే పని వెంటనే పూర్తిచేశాడు. తడి సరిగ్గా పచ్చ ముక్క మీదే పడింది.

మరునాడు అక్క వెళ్లిపోయింది. బస్సు ఎక్కేటప్పుడు ఎప్పటిలా ఏడ్చింది గాని, పిల్లవాణ్ని ఆ బొంతలో చుట్టుకొని, తల ఎత్తుకొని ఎక్కింది. నేను ఇంటికి వచ్చి, ఇంక సెలవులు మిగిలాయి కదా అని నడుం వాల్చబోతే, అవ్వ సూదీ దారమూ నా ముందు పెట్టి, తన పలచబడిన బొంతను పరిచింది. చలికాలం వస్తాండాది అంది. ఆ చలికాలం సగం వరకూ ఆమె నా బొంతలోనే పడుకుంది. రాత్రంతా దాన్ని తనవైపు లాక్కొనేది కూడా.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. నాకు ఇప్పుడు కళ్లద్దాలు వచ్చాయి. ఈమధ్య అక్క కూతురికి తొలి కాన్పు అయితే చూడడానికి మంగళవాడ వెళ్లాను. పడసాలలో బొంత పరిచి ఉంది. మంచం మీద అక్క అత్త, బాగా ముసలిదై, ఎలా కుట్టాలో అందరికీ ఆజ్ఞలిస్తోంది. పక్కన ఒక ఎనిమిదేళ్ల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అక్క మరిది చిన్న కూతురు అది. బాలింతకు చెల్లెలు వరస. పుట్టిన బిడ్డకు పిన్నమ్మ కాబట్టి దాని కొత్త గౌనులోంచి ముక్క కోయాలట. పద్ధతి తప్పకూడదట. ముక్క వెనకపక్కే రావాలనీ, కొంచెం వంకరగా కుట్టాలనీ, ముందునుంచీ అలాగే ఉందనీ ముసలామె గట్టిగా చెబుతోంది. అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే పరువు పోయేది.

నేను కత్తెర తీసి నా కింద పెట్టుకొని, ముక్క సంగతి రేపు చూద్దాము, ఈ రాత్రికి బొంత కప్పుకొని చూడాలి, అదీ మా పద్ధతే అన్నాను. ఇది మాత్రం నిజం. నా చేతులతో కుట్టిన ఏ బొంతా నేను ఒక రాత్రి కప్పుకోకుండా ఇంకొకరికి ఇవ్వలేదు. ఆ పిల్ల ఏడుపు ఆపి నా పక్కన చేరి, నేనూ కుడతానంది. సూది ఇచ్చాను. కూర్చునే ముందు గౌను పక్కకు దోపుకోమని చెప్పాను. ఊఁ అంది. మళ్లీ ఒకసారి చెప్పాను. విసుక్కుంటూ ఊఁ అంది.

కాసేపటికి లోపలినుంచి అక్క అన్నానికి పిలిచింది. పిల్ల లేచి నిలబడింది. బొంత కూడా దానితోపాటు లేచింది.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. పిల్ల పెదవి వణికింది. ముసలామె మంచం మీదనుంచి, చూశారా, పద్ధతి దానంతట అదే జరిగిపోయిందని సంతోషించింది. నేను బొంతను మెల్లగా తిప్పి, ఆ గౌను అంచు అతుక్కున్న చోట చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచాను. ఆ తర్వాత నా కింద దాచుకున్న కత్తెరను తీసి, అడుగు చీర జాగ్రత్త అని చెప్పి, దాని చేతికే ఇచ్చాను.